క్లేర్ వారి పంపకం: ముగ్గురు అక్కచెల్లెళ్ళ వాటాల వెంట

సోమవారం, క్లేర్

సఫోక్ కౌంటీలోని క్లేర్‌లో కారు పార్క్ చేసేది కోట ఆవరణలోనే. దిగి చూస్తే ఎదురుగా ఎత్తైన మట్టి దిబ్బ, దాని నెత్తిన మిగిలిన ఒక గోడ ముక్క. ఇటు తిరిగితే రైల్వే స్టేషన్. 1865లో ఇక్కడికి రైలు మార్గం వేసినప్పుడు కోట లోపలి ఆవరణను చీల్చుకుంటూ పట్టాలు పరిచి, అక్కడే స్టేషన్ కట్టేశారు. 1967లో రైళ్ళు ఆగిపోయాయి. ఇప్పుడు దిబ్బ, ప్లాట్‌ఫారం, గూడ్స్ షెడ్డు అన్నీ కలిపి ఒక పార్కు.

"కోట లోపల స్టేషనా? దీనికి పర్మిషన్ ఇచ్చిన మహానుభావుడెవరే?" అంది అక్క. తను రెవెన్యూ శాఖలో పనిచేసి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయింది. ఏ ఊరెళ్ళినా ముందు హద్దులు చూస్తుంది, తర్వాతే గుళ్ళూ గోపురాలూ. లండన్ ప్యాలెస్‌లు చూసి విసిగిపోయిన మనిషి, ఈ క్లేర్ కుటుంబం ఆస్తి తగాదా సంగతి చెప్పగానే మాత్రం "అదేదో చూద్దాం పద" అని బ్యాగు సర్దుకుంది.

వీళ్ళ కథ ఫ్రాన్స్‌లోని నార్మండీలో మొదలవుతుంది. గిల్బర్ట్ కొడుకు రిచర్డ్ 1066లో ఇంగ్లండ్‌ను జయించిన నార్మండీ ప్రభువు విలియం వెంట వచ్చిన బంధువర్గంలో ఒకడు. బహుమతిగా సఫోక్‌లో క్లేర్, కెంట్‌లో టన్‌బ్రిడ్జ్, ఇంకా చాలా ఊళ్ళు దక్కాయి. 1086లో రాజు చేయించిన డూమ్స్‌డే సర్వేలో క్లేర్‌కు సంత ఉందని, 43 మంది బర్జెస్‌లు అంటే పట్టణ హక్కులున్న కాపురస్థులు ఉన్నారని రాశారు. భూమి ఎవరిది, నాగళ్ళెన్ని, అంతకుముందు ఎవరి చేతిలో ఉంది, విలువెంత అని ఊరూరా రాయించిన పుస్తకం అది. ఇది విన్నాక అక్కకు ఆ దేశం మీద కాస్త గౌరవం పుట్టింది. "మన అడంగల్ లాంటిదే. ఇక దొంగ పట్టాలు పుట్టించడం కష్టం" అంది.

దిబ్బ చుట్టూ తిరుగుతూ పైకి పోయే దారి ఉంది. పైనుంచి చూస్తే స్టౌర్ నది, దానికి అవతల చెట్ల మధ్య ప్రయరీ అనే చిన్న మఠం కనిపిస్తాయి. కోట కట్టిన రిచర్డ్ కొడుకు గిల్బర్ట్ 1090లో కోటలోని చర్చిని నార్మండీలోని బెక్ మఠానికి రాసిచ్చాడు. సైనికులున్న చోట సన్యాసులకు పొసగలేదో ఏమో, 1124లో వాళ్ళను పక్క ఊరు స్టోక్‌కు మార్చారు. నది అవతల కనిపించేది వేరు. అది 1248లో మరో రిచర్డ్ డి క్లేర్ పెట్టించినది, ఇంగ్లండ్‌లో అగస్టీనియన్ ఫ్రయర్లు అనే సన్యాసుల మొట్టమొదటి నివాసం. 1538లో హెన్రీ 8 దాన్ని మూయించాడు. 1953లో అదే సంఘం ఫ్రయర్లు తిరిగొచ్చారు, ఇప్పటికీ ఉంటున్నారు. పాత చర్చి గోడల మధ్య గడ్డి, పూల మొక్కలు. లోపలికి ఎవరైనా వెళ్ళొచ్చు.

ఎడ్వర్డ్ 1 కూతురు జోన్‌ను 1307లో ఇక్కడే పాతిపెట్టారు. క్రూసేడ్‌కు వెళ్ళిన తల్లిదండ్రులకు పాలస్తీనాలోని ఏకర్‌లో పుట్టింది కాబట్టి ఆమెను జోన్ ఆఫ్ ఏకర్ అంటారు. 1290లో ఆమెను గిల్బర్ట్ డి క్లేర్‌కు ఇచ్చారు. ఎర్ల్ అంటే పెద్ద ప్రభువు హోదా; ఎర్ర జుట్టుకు రెడ్ ఎర్ల్ అని పేరుపడ్డ ఈయన వయసులో ఆమెకంటే చాలా పెద్ద. మామగారు మామూలువాడు కాడు. అల్లుడి చేత భూములన్నీ ముందు రాజుకు అప్పగింపజేసి, ఆ తర్వాత దంపతులిద్దరి పేరనా తిరిగి రాయించాడు. వాళ్ళకు పుట్టే పిల్లలకే ఆస్తి చెందాలన్నది షరతు. గిల్బర్ట్ 1295లో పోయాడు. రాజు ఆమెకు ఇంకో రాచ సంబంధం చూస్తుండగానే జోన్ తన దగ్గర పనిచేసే రాల్ఫ్ అనే స్క్వయర్‌ను, అంటే చిన్న హోదా సేవకుణ్ణి, రహస్యంగా పెళ్ళాడేసింది. తండ్రి అతన్ని జైల్లో పెట్టాడు, చివరికి తనే తగ్గాడు.

జోన్‌కు గిల్బర్ట్ వల్ల ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్ళు. కొడుకు పేరు కూడా గిల్బర్టే. ఈ ఇంట్లో గిల్బర్ట్, రిచర్డ్ తప్ప ఇంకో పేరు లేదా అని అక్క విసుక్కుంది. 1308లో ఇతను ఐర్లండ్‌లోని అల్‌స్టర్ ఎర్ల్ కూతురు మాడ్‌ను పెళ్ళాడాడు, చిన్న చెల్లెలు ఎలిజబెత్‌ను అదే ఎర్ల్ కొడుకు జాన్ డి బర్గ్‌కు ఇచ్చారు. కుండమార్పిడి పెళ్ళిళ్ళన్నమాట. మాడ్ అక్క అప్పటికే స్కాట్లండ్ రాజు రాబర్ట్ బ్రూస్ భార్య. అంటే బ్రూస్, గిల్బర్ట్ తోడల్లుళ్ళు. 1314 జూన్ 24న బానక్‌బర్న్ యుద్ధంలో బ్రూస్ సేన చేతిలో గిల్బర్ట్ చనిపోయాడు, ఇరవై మూడేళ్ళ వయసులో. తెల్లవారాక పోరుకు దిగుదామా ఆగుదామా అన్న చర్చలో ఆగుదామన్నాడట. ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ 2 (ఎడ్వర్డ్ 1 కొడుకు) పిరికివాడని నిందిస్తే, రోషంతో అందరికంటే ముందు దూసుకెళ్ళాడని అప్పటి చరిత్రకారుల్లో ఒకరు రాశారు. బ్రూస్ డబ్బేమీ అడగకుండా శవాన్ని మర్యాదగా పంపించాడు.

పిల్లల్లేరు. ఏడాదికి దాదాపు 6 వేల పౌండ్ల రాబడి ఉన్న ఆస్తి, ఇంగ్లండ్‌లో రాజు తర్వాత అంతటి సంపన్నులు ఒకరిద్దరే. ఆ ఆస్తి ముగ్గురు చెల్లెళ్ళకు రావాలి. అప్పుడు మాడ్ తను కడుపుతో ఉన్నానంది.

ఆ మాట మీద రెండేళ్ళకు పైగా నడిచింది.

అక్క నడుస్తున్నదల్లా ఆగిపోయింది. "రెండేళ్ళా? ఏనుగుకైనా ఈనే టైము." అప్పటి న్యాయం ప్రకారం బిడ్డ పుడితే ఆస్తంతా ఆ బిడ్డదే. తేలేదాకా భూములు రాజు చేతిలో ఉంటాయి, రాబడి రాజు తింటాడు. కాబట్టి రాజుగారికి ఆ కడుపు నిజమే అనిపించింది. పెద్ద చెల్లెలు ఎలినార్ భర్త హ్యూ డిస్పెన్సర్ పదే పదే అర్జీలు పెట్టుకున్నాడు, టన్‌బ్రిడ్జ్ కోటను ఒకసారి జబర్దస్తీగా ఆక్రమించాడు కూడా. చివరికి 1317లో పంపకం జరిగింది. ఎలినార్‌కు వేల్స్‌లోని గ్లమోర్గన్, మార్గరెట్‌కు టన్‌బ్రిడ్జ్, ఎలిజబెత్‌కు ఈ క్లేర్.

మంగళవారం, కేంబ్రిడ్జ్

పొద్దున్నంతా వాన. కేంబ్రిడ్జ్‌లో క్లేర్ కాలేజీ చూడ్డానికి వెళ్ళాం. ఇప్పుడున్న భవనాలు 17, 18 శతాబ్దాలవి, ఎలిజబెత్ కాలంది ఒక్క రాయి కూడా కనిపించదు. కామ్ నది మీద 1640 నాటి వంతెన ఉంది. దాని పిట్టగోడ మీద రాతి గోళాలున్నాయి, వాటిలో ఒకదాంట్లో ఒక ముక్క కోసి తీసేశారు. అది ఎందుకన్నదానికి గైడుకో కథ చెబుతారు.

నేను చూడాలనుకున్నది కాలేజీ చిహ్నం. ఒక సగం క్లేర్ వాళ్ళ బంగారు రంగు మీద మూడు ఎర్ర గీతలు, ఇంకో సగం డి బర్గ్ వాళ్ళ ఎర్ర శిలువ. చుట్టూ నల్ల అంచు, దాని మీద బంగారు కన్నీటి చుక్కలు. ఎలిజబెత్ ఇరవై ఏడేళ్ళు నిండకముందే మూడుసార్లు విధవ అయింది. మొదటి భర్త జాన్ 1313లో పోయాడు. 1316లో థియోబాల్డ్ డి వెర్డన్ ఆమెను ఎత్తుకుపోయి పెళ్ళాడి, ఆరు నెలలు తిరగకుండానే చనిపోయాడు. మూడోవాడు రోజర్ డామరీ, రాజు తన ఇష్టుడికి కట్టబెట్టిన సంబంధం. అతను రాజు మీదే తిరుగుబాటులో చేరి 1322లో చచ్చాడు. ఆమెను పిల్లలతో సహా బార్కింగ్ సన్యాసినుల మఠంలో బంధించారు. బావ డిస్పెన్సర్ అప్పటికి రాజుకు కుడిభుజం. ఎలిజబెత్ వాటాకు వచ్చిన వేల్స్‌లోని అస్క్‌ను బలవంతంగా తీసుకుని, బదులుగా గవర్ అనే ప్రాంతాన్ని ఇచ్చాడు, ఆ తర్వాత ఏదో దావా నడిపించి ఆ గవర్‌నూ లాగేశాడు. 1326లో ఆమె తనకు జరిగిందంతా క్లేర్‌లో రహస్యంగా రాయించి పెట్టుకుంది. తనతో బలవంతంగా సంతకాలు పెట్టించారని సాక్ష్యం కోసం.

"అదే తెలివైన పని. కాగితం ఉంటే ఎప్పటికైనా పనికొస్తుంది" అంది అక్క. నిజంగానే డిస్పెన్సర్ పడిపోయాక అస్క్ ఆమె చేతికి తిరిగొచ్చింది.

తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. 1360లో పోయేదాకా మూడు దశాబ్దాలకు పైగా సొంతంగా ఎస్టేట్ నడిపింది. వంటింట్లోకి ఏం కొన్నారు, గుర్రాలకేం పెట్టారు, విందుకు ఎవరొచ్చారు అని లెక్కలు రాయించింది, ఆ చుట్టలు చాలావరకు నేటికీ ఉన్నాయి. 1326లో రిచర్డ్ బేడ్యూ అనే ఆయన పెట్టి నడపలేకపోయిన యూనివర్సిటీ హాల్‌కు (ఇప్పటి క్లేర్ కాలేజీ ఇదే) 1338లో ఆస్తులిచ్చి నిలబెట్టింది. 1359లో దానికి నియమావళి రాయించింది. ప్లేగు వల్ల చదువుకున్నవాళ్ళు కరువయ్యారన్న బాధ అందులో కనిపిస్తుంది. పదిమంది పేద పిల్లలను చదివించాలని కూడా అందులోనే ఉంది. తన తాతముత్తాతలు సన్యాసులకిచ్చారు, ఈమె విద్యార్థులకిచ్చింది. నాకు ఈ కుటుంబంలో నచ్చిన మనిషి ఈవిడే, తక్కినవాళ్ళను చూడ్డానికి వెళ్ళానే గాని ఇష్టపడి కాదు.

బుధవారం, టన్‌బ్రిడ్జ్

మెడ్‌వే నది ఒడ్డున టన్‌బ్రిడ్జ్ కోటలో ప్రధాన ద్వారం ఒక్కటే గట్టిగా నిలిచి ఉంది. 13వ శతాబ్దంలో కట్టిన రెండు గుండ్రటి బురుజులు, మధ్యలో దారి. వెనకవైపు నుంచి శత్రువు వచ్చినా మూసుకుని పోరాడేలా కట్టారు. ద్వారం అంటేనే ఒక చిన్న కోట. మార్గరెట్ వాటా ఇది. ఆమె మొదటి భర్త పియర్స్ గేవ్‌స్టన్, ఎడ్వర్డ్ 2 ప్రాణస్నేహితుడు, 1312లో మిగతా ప్రభువులు తల నరికించారు. రెండో భర్త హ్యూ ఆడ్లీ కూడా 1322 తిరుగుబాటులో దొరికాడు, కాకపోతే బతికిపోయాడు. మార్గరెట్‌ను సెంప్రింగ్‌హామ్ మఠంలో పెట్టారు. మఠాలకు భూములిచ్చిన ఇంటి ఆడపిల్లలకు చివరికి ఆ మఠాలే జైళ్ళయ్యాయి.

ఇక్కడ కూడా క్లేర్ వాళ్ళు ఒక ప్రయరీ పెట్టారు. మార్గరెట్, ఆడ్లీ ఇద్దరినీ అందులోనే పాతారు. 1525లో హెన్రీ 8 మంత్రి కార్డినల్ వుల్సీ తన విద్యాసంస్థల ఖర్చుకు దాన్ని మూయించాడు. 19వ శతాబ్దంలో మిగిలిన గోడలు కూడా రైల్వే కిందికి పోయాయి. స్టేషన్‌కు వెళ్ళి నిలబడ్డాం. చూడ్డానికి ఏమీ లేదు, లండన్ వెళ్ళే జనం ఉన్నారు. 1262లో చనిపోయిన రిచర్డ్ డి క్లేర్‌ను మూడు చోట్ల పాతారట, పేగులు కాంటర్‌బరీలో, గుండె టన్‌బ్రిడ్జ్‌లో, శరీరం ట్యూక్స్‌బరీలో. ఎక్కడికక్కడ సన్యాసులు ప్రార్థనలు చేస్తారని ఏర్పాటు. మార్గరెట్ కూతుర్ని రాల్ఫ్ స్టాఫర్డ్ అనే ఆయన ఎత్తుకుపోయి పెళ్ళాడటంతో ఆస్తి స్టాఫర్డ్‌లకు పోయింది. వాళ్ళే తర్వాత బకింగ్‌హామ్ డ్యూకులయ్యారు. 1521లో ఆఖరి డ్యూక్‌కు హెన్రీ 8 మరణశిక్ష వేసి భూములు జప్తు చేశాడు.

గురువారం, ట్యూక్స్‌బరీ

పొద్దున్నే బయల్దేరినా మోటర్‌వే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని మధ్యాహ్నానికి చేరాం. ఊరికి చాలా దూరం నుంచే అబ్బే, అంటే పెద్ద మఠం, గోపురం కనబడుతుంది. ఇంగ్లండ్‌లో మిగిలిన నార్మన్ కాలపు గోపురాల్లో పెద్దదంటారు, ఎత్తు 45 మీటర్లు. రాబర్ట్ ఫిట్జ్ హామన్ పునాది వేశాడు, 1121లో ప్రతిష్ఠ చేశారు. ఫిట్జ్ హామన్ వంశం కూతుళ్ళ ద్వారా దిగుతూ 1217లో గ్లాస్టర్ ఎర్ల్ పదవి క్లేర్ వాళ్ళకు వచ్చింది. దాంతో ఈ అబ్బే వాళ్ళ కుటుంబ శ్మశానమయింది. ఇక్కడి సన్యాసుల రాబడిలో కొంత వేల్స్ చర్చిల నుంచి వచ్చేది. గెలుచుకున్న వేల్స్ భూముల్లోని చర్చిలను ప్రభువులు ఈ అబ్బేకు రాసిచ్చారు, అక్కడి రైతు పంటలో పదో వంతు సెవెర్న్ నది దాటి ఇక్కడికొచ్చేది. స్తంభాలు చూస్తూ ఆ సంగతి చెబితే అక్క ఒక్క క్షణం ఆగి, "ఎక్కడైనా ఇంతే" అని ముందుకు నడిచింది.

లోపల ఆ స్తంభాలు గుండ్రంగా, లావుగా, ఏ చెక్కడమూ లేకుండా వరసగా నిలబడి ఉంటాయి. ఇలాంటి చోట నాకు మాటలు తగ్గుతాయి, అక్కకు పెరుగుతాయి.

బలిపీఠం దగ్గరి భాగాన్ని 14వ శతాబ్దంలో ఎలినార్, ఆమె కొడుకు కొత్తగా కట్టించారు. పైనున్న రంగుటద్దాల కిటికీల కోసమే బైనాక్యులర్లు తెచ్చుకున్నాను. 1340 ప్రాంతపు గాజు అది. కవచాలు తొడుక్కున్న ప్రభువులు వరసగా నిలబడి ఉన్నారు, ఫిట్జ్ హామన్, క్లేర్ గిల్బర్టులూ రిచర్డులూ, ఎలినార్ ఇద్దరు భర్తలు. తూర్పు కిటికీలో ఒక మూల నగ్నంగా మోకరిల్లిన ఒక స్త్రీ. తీర్పు రోజున దేవుడి ముందు నిలిచిన ఎలినారే ఆమె అని చాలామంది అభిప్రాయం. భర్తల్లాగా కవచం తొడిగించుకుని నిలబడలేదు.

ఆమె భర్త డిస్పెన్సర్ గతి ఏమైందో చెప్పాలి. 1326లో ఎడ్వర్డ్ 2 భార్య, రాణి ఇసబెల్లా భర్త మీదికే సైన్యంతో దిగినప్పుడు రాజూ అతనూ వేల్స్‌కు పారిపోయారు. పట్టుబడ్డాక నవంబరు 24న హెర్‌ఫర్డ్‌లో ఉరితీసి, దింపి, కోసి, ముక్కలు చేసి ఊళ్ళకు పంపారు. నాలుగేళ్ళ తర్వాత దొరికినవాటిని ఏరి తెచ్చి ఇక్కడ పూడ్చారు. ఎలినార్ ఆ కాలంలో కొన్నాళ్ళు లండన్ టవర్‌లో ఖైదీ.

అక్కచెల్లెళ్ళ కథ ఇక్కడ ఇంకో చోట కలుస్తుంది. బలిపీఠం వెనక నేల మీది ఇనప జాలీ కింద ఒక గది. అందులో క్లారెన్స్ డ్యూక్ జార్జ్, భార్య ఇసబెల్ నెవిల్ అస్థికలు ఉన్నాయి. ఆయన ఎడ్వర్డ్ 4 తమ్ముడు, అన్న వేయించిన మరణశిక్షతోనే 1478లో చనిపోయాడు. జార్జ్ పూర్వీకుల్లో ఎలిజబెత్ ఉంది, ఇసబెల్ పూర్వీకుల్లో ఎలినార్ ఉంది. డిస్పెన్సర్ లాక్కున్న వాటాకూ పోగొట్టుకున్న వాటాకూ నూట యాభై ఏళ్ళ తర్వాత పెళ్ళయిందన్నమాట. జార్జ్‌కు వచ్చిన ఆ క్లారెన్స్ అన్న బిరుదు కూడా క్లేర్ ఎస్టేట్ నుంచి పుట్టిందే.

1540లో అబ్బేను మూసేస్తే పడగొట్టేవాళ్ళే. ఊరివాళ్ళు మాకు చర్చి కావాలని గంటలకూ, పైకప్పు మీది సీసానికీ విలువ కట్టించి 453 పౌండ్లకు కొనుక్కున్నారు. క్లేర్ వాళ్ళ డబ్బుతో కట్టిందే అయినా ఈ రోజు నిలబడి ఉందంటే ఆ 453 పౌండ్ల వల్లే. టికెట్ లేదు, పెట్టెలో మీకు తోచింది వేస్తే చాలు.

శుక్రవారం, టింటర్న్, చెప్‌స్టో

వై నది లోయలోకి దిగాం. టింటర్న్ అబ్బేను 1131లో వాల్టర్ డి క్లేర్ అనే చిన్న శాఖవాడు సిస్టెర్షియన్ సన్యాసులకు కట్టించాడు, వేల్స్‌లో వాళ్ళ మొదటి మఠం. పైకప్పు లేని ఈ పెద్ద చర్చి మాత్రం 1269 తర్వాతది, డబ్బు క్లేర్ వాళ్ళది కాదు, రోజర్ బైగాడ్‌ది. 1536లో మూయించి సీసం పీక్కెళ్ళారు. అందమైన చోటే, ఒప్పుకుంటాను. కానీ బస్సుల కొద్దీ జనం, అందరూ ఒకే కిటికీ ముందు ఒకే ఫోటో. మేమూ తీసుకున్నాం.

చెప్‌స్టోలో మాత్రం ఒక తలుపు చూడాలి. కోట లోపల పెట్టారు, చెక్క మీద ఇనప రేకులు తొడిగింది. చెట్టు వలయాల లెక్క ప్రకారం 1190ల నాటిదని తేలింది, యూరప్‌లోనే ఇంత పాత కోట తలుపు అరుదు. అది పెట్టించినవాడు విలియం మార్షల్ అనే పేరున్న యోధుడు. ఈ కోట అతనికి ఎలా వచ్చిందంటే, స్ట్రాంగ్‌బో అని పేరుపడ్డ రిచర్డ్ డి క్లేర్ కూతురు ఇసబెల్‌ను 1189లో పెళ్ళాడినందుకు. స్ట్రాంగ్‌బో 1170లో ఐర్లండ్‌కు వెళ్ళి లెయిన్‌స్టర్ రాజు కూతురు ఈఫాను చేసుకుని రాజ్యానికి వారసుడయ్యాడు. క్లేర్ ఇంట ఆస్తి కత్తితో కంటే తాళిబొట్టుతోనే ఎక్కువ కదిలిందని అక్క తీర్మానం.

శనివారం, కేర్‌ఫిలీ

కార్డిఫ్‌కు ఉత్తరాన కొండల మధ్య కేర్‌ఫిలీ కోట. ముప్పై ఎకరాలు, వేల్స్‌లో ఇంతకంటే పెద్ద కోట లేదు. రెడ్ ఎర్ల్ గిల్బర్ట్ 1268 ఏప్రిల్‌లో పని మొదలుపెట్టాడు. రాజు డబ్బు ఒక్క పెన్నీ లేదు, అన్నీ సొంత రాబళ్ళే. ఉత్తరాన ల్లెవెలిన్ అనే వేల్స్ రాజు బలపడుతున్నాడని భయం. 1270లో ల్లెవెలిన్ వచ్చి కట్టినంత మేర తగలబెట్టాడు, మరుసటి ఏడు గిల్బర్ట్ మళ్ళీ మొదలుపెట్టాడు.

ఇందులో తెలివంతా నీళ్ళది. ఒక వాగును ఆపి రెండు పెద్ద ఆనకట్టలు కట్టి, వాటినే కోట గోడలుగా మలిచారు. ఆనకట్ట ఇటు సరస్సును నిలుపుతుంది, అటు శత్రువును ఆపుతుంది. దానికి గండి కొట్టాలంటే దాని మీదున్న బురుజుల్నే ముందు పట్టుకోవాలి. లోపల ఒక ప్రహరీలో ఇంకో ప్రహరీ, లోపలిది ఎత్తు ఎక్కువ. తూర్పు ద్వారం చూడగానే టన్‌బ్రిడ్జ్ గుర్తొచ్చింది, అదే పద్ధతి. ఎడ్వర్డ్ 1 వేల్స్‌లో కట్టించిన కోటల కంటే ఇది ముందు. ఆగ్నేయ బురుజు పది డిగ్రీలు పక్కకు వాలి ఉంది, పీసా గోపురం కూడా అంత వాలలేదు. దాని కింద బ్యూట్ మార్క్విస్ బొమ్మ చెక్కతో చేసి, ఆయనే చేతులతో ఆపుతున్నట్టు నిలబెట్టారు. 1930ల్లో నాలుగో మార్క్విస్ ఈ కోటను బాగుచేయించాడు, కాబట్టి ఆ హాస్యం అతికినట్టే ఉంది.

మాడ్ కడుపు సంగతి మళ్ళీ వచ్చేది ఇక్కడే. పంపకం ఆగిపోయిన ఆ రెండేళ్ళలో గ్లమోర్గన్‌ను రాజు మనుషులు నడిపారు. వాళ్ళు పాత ఉద్యోగులను తీసేసి, కరువు కాలంలో కూడా జనాన్ని పిండారు. చివరికి ల్లెవెలిన్ బ్రెన్ అనే స్థానిక ప్రభువు 1316 జనవరిలో ఈ కోట మీదికి వచ్చాడు. తిరుగుబాటు కొన్ని వారాల్లోనే అణగింది. తన మనుషులను వదిలిపెట్టమని తనే లొంగిపోయాడు, పట్టుకున్నవాళ్ళు కూడా అతనికి క్షమాభిక్ష పెట్టమని రాజుకు సిఫారసు చేశారు. 1317లో గ్లమోర్గన్ చేతికి వచ్చాక డిస్పెన్సర్ అతన్ని కార్డిఫ్‌కు తీసుకెళ్ళి, విచారణ లేకుండా చంపించాడు. 1326లో హెర్‌ఫర్డ్‌లో డిస్పెన్సర్ మీద చదివిన నేరాల్లో ఇదీ ఉంది.

పెద్ద హాలు డిస్పెన్సర్ కొత్తగా అలంకరించిందే. 1326 శరదృతువులో రాజూ అతనూ ఇక్కడ కొన్ని రోజులున్నారు. వెళ్ళేటప్పుడు 13 వేల పౌండ్లకు పైగా నగదు పీపాల్లో వదిలిపోయారు. ఎలినార్ పెద్ద కొడుకు హ్యూ, టీనేజీ కుర్రాడు, లోపల ఉండిపోయాడు. రాణి సైన్యం కోటను చుట్టుముట్టింది. కుర్రాణ్ణి అప్పగిస్తే అందరికీ క్షమాభిక్ష అన్నారు, లోపలివాళ్ళు ఒప్పుకోలేదు. 1327 మార్చిలో అతని ప్రాణానికి హామీ ఇచ్చాకే తలుపులు తీశారు. ట్యూక్స్‌బరీలో బలిపీఠం పక్కన చూసిన సమాధి ఈ హ్యూదే, 1349లో పోయాడు.

ముట్టడికి నాయకుడు విలియం లా జూష్. 1329లో ఎలినార్‌ను పెళ్ళాడింది అతనే.

"ఉండు ఉండు" అని అక్క సరస్సు గట్టు మీద బెంచీ చూసుకుని కూర్చుంది. "కొడుకుని ముట్టడించినవాణ్ణే కట్టుకుందా? ఆవిడ ఇష్టంతోనా?"

అతనే ఆమెను ఎత్తుకుపోయాడని ఒక వాదన. ఆ పెళ్ళి చెల్లదు, ఆమె నాకే భార్య అని జాన్ గ్రే అనే ఇంకొకాయన చర్చి కోర్టులో ఏళ్ళ తరబడి దావా నడిపాడు, ఓడాడు. అక్క ఫోను తీసి గురువారం తీసిన కిటికీ ఫోటోలు పెద్దవి చేసి వెతికింది. ఎలినార్ భర్తలిద్దరూ ఒకే వరస గాజులో కవచాలు తొడుక్కుని దొరికారు, ఒకడు కోటలో దాక్కున్నవాడు, ఇంకొకడు దాన్ని ముట్టడించినవాడు. ఎవరు ఎవరో డాలు మీది గుర్తుల్ని బట్టి నేను చూపించాను.